ఆరు నిమిషాల వీడియో లెక్క ఎక్కడిది?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ రోజు మనతో ఉన్న మేడమ్ నాకు బీటెక్‌లో సర్క్యూట్స్ చెప్పారు. లాక్‌డౌన్ బ్యాచ్ మాది. ఆవిడ ముఖం కంటే పీపీటీలే ఎక్కువ చూశాం.

మేడమ్: అవైనా చూశారా? అటెండెన్స్ కోసం లాగిన్ అయి పడుకున్న బ్యాచ్ కదా మీది!

హోస్ట్: (నవ్వు) ఇది ఎడిట్‌లో లేపేస్తాను మేడమ్. సరే, పాఠం వీడియో ఆరు నిమిషాలు దాటకూడదని అందరూ అంటుంటారు. ఆ లెక్క ఎక్కడిది?

మేడమ్: ఫిలిప్ గువో అని, ఇప్పుడు యూసీ శాన్ డియాగోలో ప్రొఫెసర్. ఆయన మరో ఇద్దరితో కలిసి 2014లో ఒక పేపర్ రాశారు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 2012లో మొదలైన నాలుగు కోర్సులు, 862 వీడియోలు. వాటిని జనం చూసిన సెషన్లు 69 లక్షలు. వీడియో నచ్చిందా అని ఎవర్నీ అడగలేదు. ఎంతసేపు చూశారు, ఎక్కడ వదిలేశారు అని సర్వర్‌లో పడ్డ లెక్క తీశారు, అంతే.

హోస్ట్: ఆరో నిమిషానికి వదిలేశారా?

మేడమ్: వీడియో ఎంత పొడవున్నా, మీడియన్ ఆరు నిమిషాలు దాటలేదు. అంటే కనీసం సగం సార్లు ఆలోపే లేచి వెళ్లిపోయారు. మా దగ్గర ఆ ఒక్క ముక్క పట్టుకుని, యాభై నిమిషాల క్లాసులన్నీ కోసి ఎనిమిదేసి ముక్కలు చేసి పెట్టమన్నారు. రాత్రంతా కూర్చుని కోశాను. థెవెనిన్ థీరమ్‌లో "ఇప్పుడు ఈ లోడ్ రెసిస్టెన్స్‌ని తీసేసి..." అంటుండగా ఒక వీడియో అయిపోయింది. తర్వాతిది "అప్పుడు" అని మొదలైంది.

హోస్ట్: అది మా వాట్సాప్ గ్రూపులో స్టిక్కర్ అయింది మేడమ్.

మేడమ్: తెలుసు, నాకూ వచ్చింది. ఇంతకీ ఆ పేపర్‌లోనే ఉంది, క్లాసులో తీసిన పాఠాన్ని తర్వాత కోస్తే, మొదటి నుంచీ చిన్నదిగా అనుకుని తీసినంతగా చూడరని. ఆరు నిమిషాల ముక్క అందరికీ గుర్తుంది, ఈ ముక్క ఎవరికీ పట్టలేదు.

హోస్ట్: ఇంకేం తేలింది?

మేడమ్: స్లైడ్లు చూపిస్తూ చదవడం కంటే చేత్తో గీస్తూ చెబితే ఎక్కువ సేపు చూశారట. ఖరీదైన స్టూడియో కంటే, మామూలుగా టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడిన వీడియోలే నయమట. నేనప్పుడు రెండు పప్పు డబ్బాల మీద స్కేలు పెట్టి, దానికి ఫోన్‌ని రబ్బరు బ్యాండ్‌తో కట్టి, కింద తెల్లకాగితం పరిచి తీశాను. మధ్యలో కుక్కర్ మూడు విజిల్స్. మీరు చివరిదాకా చూసినవి అవే!

హోస్ట్: నిజమే. కానీ ఒక తప్పు ఒప్పుకోవాలి. మిమ్మల్ని 1.75 స్పీడ్‌లో పెట్టుకుని వినేవాళ్లం.

మేడమ్: దానికీ లెక్కుంది! గబగబా, ఉత్సాహంగా చెప్పే వాళ్ల వీడియోలే ఎక్కువ చూశారు. నేనేమో మీకు బాగా అర్థం కావాలని సాగదీసి చెప్పేదాన్ని.

హోస్ట్: మరి ఎక్కువ సేపు చూస్తే పాఠం వచ్చినట్టేనా?

మేడమ్: అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఎంతసేపు చూశారు, వీడియో తర్వాత ఇచ్చిన ప్రశ్నని అరగంటలో మొదలుపెట్టారా అన్నదే వాళ్లు కొలిచింది. ఎంత నేర్చుకున్నారన్నది కాదు. పైగా ఆ కోర్సుల్లో ఉన్నది తమంతట తాము చేరినవాళ్లు, ఎప్పుడైనా లేచిపోవచ్చు. మీకు ఇంటర్నల్స్ ఉన్నాయి, నచ్చకపోయినా కూర్చోవాల్సిందే. నేను ఎన్‌పీటెల్‌లో, అంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల్లో, దాదాపు గంట పాఠాలు నోట్స్ రాసుకుంటూ విన్నాను. అవసరం ఉంటే మనిషి కూర్చుంటాడు.

హోస్ట్: ఇప్పుడు మీ వీడియోలు ఎలా తీస్తున్నారు?

మేడమ్: ఒక్క ప్రశ్న, ఒక్క వీడియో. ఒకసారి యూట్యూబ్‌లో వీడియోలో ఎక్కడ ఎంత చూశారో చూపించే గ్రాఫ్ చూస్తే, ఒకచోట కొండలా లేచింది. అంటే వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ చూశారు. అబ్బ, ఎంత బాగా చెప్పానో అని సంబరపడ్డాను. తీరా చూస్తే అక్కడ ప్లస్ రాయాల్సిన చోట మైనస్ రాశాను.

హోస్ట్: అది మా మిడ్‌లో వచ్చిన లెక్క కాదు కదా మేడమ్?

మేడమ్: మీ బ్యాచ్‌కి ఆ ప్రశ్నకి అందరికీ మార్కులు కలిపానుగా, ఇంకేంటి!