మాగ్మా ఆల్బమ్‌ను అతుకు తెలియకుండా వినడం: ఆడాసిటీలో ఇలా చేయండి

నమస్కారం. ఈరోజు మాగ్మా. పారిస్‌లో 1969లో మొదలైన బృందం, డ్రమ్స్ వాయించే క్రిస్టియన్ వాండేర్‌ది. మనం తీసుకునేది 1973లో వచ్చిన మూడో స్టూడియో ఆల్బమ్, ‘మెకానిక్ దెస్త్రుక్తివ్ కొమాండో’. అభిమానులు ఎండీకే అంటారు. నేనూ అలాగే అంటాను.

ఇదిగో, ఫోల్డర్ చూడండి. ఏడు ఫైళ్లు, మొత్తం దాదాపు 39 నిమిషాలు. ఫైళ్లు ఏడే గానీ కృతి ఒకటే. పాడేది కోబాయన్‌లో, వాండేర్ స్వయంగా కల్పించిన భాష అది. కథ ఏమిటంటే, నెబెర్ గుదాట్ అనే ప్రవక్త మీదికి జనం కోపంతో కవాతుగా బయలుదేరుతారు. నడుస్తూ నడుస్తూ వాళ్లలోనే సందేహం మొదలవుతుంది, చివరికి ఆయన మాటే నిజమనుకుంటారు. ఆ మార్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపలేం. అందుకే పాటకూ పాటకూ మధ్య అర సెకను ఖాళీ వచ్చినా నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

సరే, ధ్వని ఫైళ్లను కోసి అతికే ప్రోగ్రాం ఆడాసిటీ, దాన్ని తెరిచాను. మొదటి మూడు ఫైళ్లు చాలు, ఎల్‌పీ రికార్డులో మొదటి వైపు అవే. లాగి ఇందులో వదలండి. వచ్చేశాయి. అన్నీ ఎంచుకోండి. ట్రాక్స్, అలైన్ ట్రాక్స్, అలైన్ ఎండ్ టు ఎండ్. అంతే, ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి.

ఇప్పుడు ఇక్కడ ఆగండి. ఈ అతుకు దగ్గర తొందర వద్దు. కంట్రోల్ 1 నొక్కుతూ దగ్గరికి రండి... ఇంకా... ఇంకా. ఇదిగో, ఈ గీత చూశారా? చదునుగా ఉంది. ఇది సంగీతంలోని నిశ్శబ్దం కాదు. ఎంపీ3 చేసేటప్పుడు ఫైలు మొదట్లో, చివర్లో చేరే ఖాళీ ఇది. ఆ చదును భాగం వరకే ఎంచుకుని, జడ్ నొక్కండి. జడ్ నొక్కితే ఎంపిక అంచులు తరంగం సున్నాను దాటే చోటికి జరుగుతాయి, కోసినచోట టప్పుమనదు. తర్వాత డిలీట్. మళ్లీ వరుసలో పేర్చండి. వినండి... కవాతు ఆగలేదు కదా? అదీ కావలసింది. సీడీ ఉన్నవాళ్లు నాణ్యత ఏమాత్రం తగ్గని ఫైలు రకమైన ఫ్లాక్‌లోకి ఎక్కించుకుంటే ఈ కోత పనే ఉండదు. నేను ఎప్పుడూ ఫ్లాక్ వైపే.

కంట్రోల్ షిఫ్ట్ ఎం నొక్కితే మూడూ కలిసిన కొత్త ట్రాక్ వస్తుంది. పాతవి మ్యూట్ చేయండి.

ఇక తాళం. మొదటి పాటలో మీకు నచ్చిన పది సెకన్లు ఎంచుకోండి. కంట్రోల్ డి, ఇంకో ప్రతి తయారైంది. దాని మీద ఎఫెక్ట్, పిచ్ అండ్ టెంపో, చేంజ్ టెంపో. మైనస్ 30 పెట్టండి. పక్కనే చేంజ్ స్పీడ్ అండ్ పిచ్ అని ఇంకొకటి ఉంటుంది, అది వద్దు. అది శ్రుతిని కూడా దించేస్తుంది, గాయని స్టెల్లా వాండేర్ గొంతు గుర్తుపట్టలేరు. రెండూ ఒకేసారి మోగకుండా కలిపిన ట్రాక్‌ను మ్యూట్ చేసి, ఎల్ నొక్కి లూప్ పెట్టండి.

ముందు గాయకులను వదిలేసి జానిక్ తోప్ బేస్ గిటార్ పట్టుకోండి. చిన్న స్పీకర్లలో అది దొరకదు, హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. చేత్తో తాళం వేస్తూ, అదే పదబంధం మళ్లీ మొదలైన ప్రతిసారీ కంట్రోల్ ఎం కొట్టండి, గుర్తు పడుతుంది. రెండు గుర్తుల మధ్య మీ దెబ్బలు ఎన్నో లెక్కపెట్టండి. లెక్క నిలిచాక అసలు వేగానికి వెళ్లి, అదే చేత్తో మొదటి పాట తొమ్మిదిన్నర నిమిషాలూ తాళం వేయండి.

రెండో వైపు నాలుగు ఫైళ్లకూ ఇదే పద్ధతి. ప్రవక్త పేరుతో ఉన్న ఐదో పాటను మాత్రం ముక్కలు చేయకండి. దాన్ని నిండు వేగంతోనే, ఒక్క బిగిన వినండి.