గీతకు అవతల తెల్ల కాగితం
(ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి మేస్టార్లకు, పంతులమ్మలకు, ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

పిల్లలూ, మ్యాప్ పాయింటింగ్ కోసం కొన్న అవుట్‌లైన్ పటాలు మీ సంచుల్లో ఉన్నాయి కదా. ఇక్కడి బడుల్లో చదివేవాళ్ల దగ్గర ఒడిశా పటం, పాతపట్నం బడికి పోయేవాళ్ల దగ్గర ఆంధ్రప్రదేశ్ పటం. రెండూ పక్కపక్కన పెట్టి వంశధారను చూడండి. ఒడిశా పటంలో అది కలహండి, రాయగడ కొండల్లో పుట్టి, గుణుపురం, కాశీనగర్ మీదుగా దిగి వచ్చి, సరిహద్దు గీత దగ్గర ఆగిపోతుంది. ఆంధ్ర పటంలో ఆ గీత దగ్గరే మొదలై కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒక పటంలో నదికి పుట్టుక ఉంది, సముద్రం లేదు. రెండోదానిలో సముద్రం ఉంది, పుట్టుక లేదు. గీతకు అవతలంతా తెల్ల కాగితం. సంతకీ, పెళ్లి సంబంధాలకీ, ఆసుపత్రికీ గీత దాటుతూ బతికే మనం, పిల్లలకి మాత్రం అవతల ఏమీ లేనట్టే నేర్పుతున్నాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పర్యావరణం పాఠం పిల్లల మనసుకి పట్టాలంటే రాష్ట్ర పటం చాలదు, మన గెడ్డ పటం కావాలి. గెడ్డంటే మన ఊరి వాగు. ఎక్కడ కురిసిన వాన ఏ దారిన వచ్చి మన పొలాన్ని తాకుతోందో చూపించే పటం. అది బజార్లో దొరకదు. పిల్లలే గీసుకోవాలి, గీసుకోగలరు కూడా.

దానికి కావలసిన సరుకు టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలూ ఏర్లూ ఊళ్లూ వివరంగా చూపించే పటం. 1767లో మొదలైన ప్రభుత్వ పటాల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటినీ కొలిచి తయారుచేసిన షీట్లు ఇవి. మనకు పనికొచ్చేది 1:50,000 స్కేలు, అంటే షీట్ మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. షీట్ నంబరుని చూసి బెదరకండి. 4 డిగ్రీల అక్షాంశం, 4 డిగ్రీల రేఖాంశం ఉన్న పెద్ద గడికి ఒక అంకె. దాన్ని 16 భాగాలు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలు. ఒక్కో అక్షరాన్ని మళ్లీ 16 ముక్కలు చేస్తే వచ్చేదే మన షీట్. పాత వరస ప్రకారం పర్లాకిమిడి 74 బి/1లో ఉంది. గుణుపురం 65 ఎం/16లో ఉంది. ఇంత దగ్గరి ఊళ్లకి అంత దూరపు అంకెలు ఎందుకంటే 84 డిగ్రీల రేఖాంశం ఆ రెండు ఊళ్ల మధ్య నుంచి పోతోంది. అక్షాంశ రేఖాంశాలు ఊహా రేఖలని బట్టీ పట్టిన పిల్లవాడికి, గుణుపురం రైల్లో వెళ్తూ ఒక ఊహా రేఖని దాటానని తెలిస్తే ఆ పాఠం ఇక మరచిపోడు.

ఇంకో సంగతి. మన ఊరు ఆ షీట్‌లో అట్టడుగు అంచుకి ఆనుకుని ఉంది. కింది సంగతి తెలియాలంటే 74 బి/2 తెచ్చి అతికించాలి. మేస్టార్లకి నా విన్నపం: ఆ అతికే పని మీరు చెయ్యకండి, పిల్లల చేతే చేయించండి. రెండు షీట్ల మీద రోడ్డుకి రోడ్డు, ఏటికి ఏరు కలిసేలా జరుపుతూ ఉంటే, పటమంటే నేలకి సాక్ష్యమని వాళ్లకే అర్థమవుతుంది.

దిక్కులు చెప్పడానికి దిక్సూచి లేకపోయినా పరవాలేదు. రాత్రి మేడ మీదకి తీసుకెళ్లి ధ్రువనక్షత్రాన్ని చూపించండి. ఏ ఊళ్లో నిలబడితే ఆ ఊరి అక్షాంశం ఎంతో, ఆ నక్షత్రం క్షితిజం నుంచి దాదాపు అంత ఎత్తులో ఉంటుంది. మనది 19 డిగ్రీలకి కాస్త తక్కువ. చాచిన చేతి పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. పిడికిలి మీద పిడికిలి పెడితే చుక్క ఆ పైఅంచుకి కొంచెం కిందనే దొరుకుతుంది. ఖర్చు లేని ప్రయోగం.

రంగుల సంగతి తొందరగా చెప్పేస్తాను: నీలం నీరు, ఆకుపచ్చ అడవి, పసుపు సాగునేల, ఎరుపు ఊళ్లూ రోడ్లూ. మెలికలు తిరిగే ఏటి పొడవు కొలవాలంటే దాని మీద తడి దారం పరిచి, తీసి స్కేలు మీద పెట్టడమే.

ఇక గోధుమరంగు గీతలు, కాంటూర్లు. పాఠ్యపుస్తకంలో ఒక కొండ బొమ్మ, దాని చుట్టూ నాలుగు గీతలు గీసి వదిలేస్తారు. నా దృష్టిలో పటం మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీత కాంటూరు. మన షీట్లలో సాధారణంగా గీతకీ గీతకీ 20 మీటర్ల తేడా, ప్రతి అయిదో గీత లావుగా ఉంటుంది. స్కేలు తీసి కొలవండి. రెండు గీతల మధ్య 4 మిల్లీమీటర్లు ఉంటే నేల మీద 200 మీటర్లు, అంటే 200 మీటర్లు నడిస్తే 20 మీటర్లు ఎక్కుతాం. నాగలి పట్టే వాలు. ఆ దూరం 1 మిల్లీమీటరే ఉంటే 50 మీటర్లకే 20 మీటర్లు ఎక్కాలి, సుమారు 22 డిగ్రీల వాలు. అక్కడ చెట్లు కొట్టేస్తే మట్టి నిలబడదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీకు గుర్తుంది. పలాస దగ్గర తీరం దాటి మన కొండల మీదకి వచ్చింది. ఈ గజపతి జిల్లాలోనే బరాఘర దగ్గర కొండచరియ విరిగి, వాన నుంచి తలదాచుకున్నవాళ్ల మీద పడింది. చరియ విరగడానికి వాలు ఒక్కటే కారణం అనను. నీరు తాగి బరువెక్కిన మట్టి, లోపలి రాయి తీరు, పైనున్న చెట్టూ చేమా, అన్నీ కలుస్తాయి. కానీ గీతలు కిక్కిరిసిన చోటు ఎక్కడుందో, దాని పాదం దగ్గర ఏ ఊరుందో, వానొస్తే ఏ బాట వదిలి ఏ బాట పట్టాలో ఎనిమిదో తరగతి పిల్ల షీట్ చూసి చెప్పగలదు. చెప్పగలిగేలా నేర్పకపోవడం మనకి తగదు.

కాంటూరు గీతలు గెడ్డని దాటేచోట ‘వి’ అక్షరంలా వంగుతాయి, దాని మొన ఎప్పుడూ ఎగువకే చూస్తుంది. గట్టు మీద, అంటే రెండు గెడ్డల నీటిని విడదీసే మిట్ట మీద, ఆ వంపు దిగువకి తిరుగుతుంది. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే గెడ్డ పటం గీయవచ్చు. షీట్ మీద ట్రేసింగ్ కాగితం పరిచి, మీ ఊరి గెడ్డ మొదట నీలం పెన్సిలుతో గీయండి. తర్వాత దాని చుట్టూ ఉన్న గట్లని, శిఖరం నుంచి శిఖరానికి ఎర్రగా కలుపుకుంటూ రండి. ఆ ఎర్రగీత లోపల పడ్డ ప్రతి చినుకూ మీ గెడ్డది, దాని పరీవాహక ప్రాంతం. షీట్ మీద 2 సెంటీమీటర్ల చదరం గీస్తే నేల మీద 1 చదరపు కిలోమీటరు. 10 సెంటీమీటర్ల వాన కురిసిన రోజున ఆ చిన్న చదరంలో పడే నీరు 10 కోట్ల లీటర్లు. అందులో ఎంత నేలలోకి ఇంకుతుంది, ఎంత మట్టిని కడుక్కుని పోతుంది అన్నది ఆ చదరంలో ఏ రంగు ఉందో దాన్ని బట్టి చాలావరకు ఊహించవచ్చు.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఆ కొండల్లోంచి మహేంద్రతనయ పేరుతో రెండు ఏర్లు దిగుతాయి. ఒకటి మన ఊరి పక్క నుంచి పోయి వంశధారలో కలుస్తుంది. రెండోది తూర్పుకి దిగి బారువ దగ్గర నేరుగా సముద్రంలో కలుస్తుంది. ఆ రెంటి మధ్య గట్టుని వేలితో పట్టుకుని పొండి. రాష్ట్రాల హద్దు దాని దారిన అది పోతుంటే, నీటి హద్దు వేరే దారిన పోతుంటుంది. వంశధార నీటి కోసం రెండు రాష్ట్రాలూ పోట్లాడుకుంటే 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పు వచ్చింది. నది పరీవాహకంలో ఎక్కువ భాగం ఒడిశాలో ఉంది, దాని మీది గొట్టా బ్యారేజీ ఆంధ్రలో ఉంది. పైన కొండ మీద కొట్టుకొచ్చిన మట్టి కింద కాలువల్లో పేరుకుంటుంది. ఒక రాష్ట్రం పటం మాత్రమే చూసిన పిల్లవాడు ఈ పేచీలో ఒక పక్షాన్నే వింటాడు.

పోడు గురించి ఒక మాట చెప్పాలి. పుస్తకంలో పోడు అనగానే తప్పంతా కొండల్లో ఉండే సవర గిరిజన రైతు మీద వేసేసి ఊరుకుంటారు. అది న్యాయం కాదు. నరికిన చోటుని ఏళ్ల తరబడి వదిలేసి, అడవి తిరిగి లేచాక మళ్లీ వచ్చే పద్ధతి అది. తిరిగే నేల తగ్గిపోయినప్పుడు ఆ విరామం కూడా తగ్గింది, మట్టికి కోలుకునే వ్యవధి లేకుండా పోయింది. పాత షీట్, కొత్త షీట్ పక్కన పెట్టి ఆకుపచ్చ ఎక్కడ తగ్గిందో, అక్కడికి రోడ్డు ఎప్పుడు వచ్చిందో, జీడితోట వేశారో పోడు కొట్టారో పిల్లల్ని చూడనివ్వండి. అందుకే షీట్ అంచున ఉండే సర్వే సంవత్సరం ముందు చదవాలి. 1900లో మొదలైన మన చిన్న రైలు పాత షీట్‌లో నేరో గేజ్ గుర్తుతో ఉంటుంది. 2011లో బ్రాడ్ గేజ్ అయింది. ఏ ఏడాది చూపించే పటమో తెలియకుండా అందులో ఉన్నదాన్ని నమ్మకూడదు.

షీట్‌లో లేనివాటిని ఊళ్లో అడగాలి. ఏ ఊట ఎండాకాలంలోనూ ఆగదో, ఏ చెరువు మదుము (తూము) పూడిపోయిందో, ఏ గెడ్డ దారి మార్చిందో పెద్దవాళ్లకి తెలుసు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ, సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. మనమూ కొండవాళ్ల దగ్గరికి పాఠం చెప్పడానికి కంటే అడిగి తెలుసుకోవడానికే ముందు వెళ్లాలి.

వెనక బల్లల మీద రెండు షీట్లూ అతికి పరిచి ఉన్నాయి. ట్రేసింగ్ కాగితం, ఎరుపు నీలం పెన్సిళ్లు, దారం పక్కనే పెట్టాం. బల్లకి అయిదుగురు చొప్పున రండి. ముందు మీ ఊరు వెతకండి, తర్వాత మీ గెడ్డ, ఆ తర్వాత దాని చుట్టూ గట్టు. సందేహం వస్తే అక్కడే అడగండి, నేను బల్లల దగ్గరే ఉంటాను.