రెండో భాష మెదడుకేం చేస్తుంది?

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: ఒక న్యూరాలజిస్టు, యానాంలో పనిచేసి రిటైరైన తెలుగు మేస్టారు, కువైట్‌లో పదహారేళ్ళు ఇంటిపని చేసి రాజోలు దగ్గర సొంతూరికి తిరిగొచ్చిన గృహిణి.)

వ్యాఖ్యాత: డాక్టరుగారూ, రెండు భాషలు వస్తే బుర్ర చురుగ్గా పనిచేస్తుందంటారు. నిజమేనా?

డాక్టర్: వయసును బట్టి జవాబు మారుతుందండి. ముందు వయసు మళ్ళినవాళ్ళ సంగతి చెబుతాను. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, ఉన్న 648 మందిని పరిశీలించింది. ఫలితాలు 2013లో వచ్చాయి. ఒక్క భాషే మాట్లాడేవాళ్ళకంటే రెండో భాష కూడా మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్ళలోనూ ఆ తేడా కనబడింది. నాకు అన్నిటికంటే విలువైన విషయం అదే.

మేస్టారు: అయితే బడిలో నేర్చిన భాషే కానక్కర్లేదన్నమాట.

గృహిణి: ఆయ్, నేను ఐదో తరగతితోనే ఆపేశానండి. కువైట్ వెళ్ళిన మొదటిరోజు మేడమ్ "మాయ్, మాయ్" అంటుంటే ఇదేం మాయో అని భయమేసింది. ఖాళీ గ్లాసు చూపించాక తెలిసింది, నీళ్ళట. ఏడాది తిరక్కుండానే వాళ్ళ పాపతో అరబ్బీ, కేరళ డ్రైవరుతో వచ్చీరాని హిందీ, రాత్రి ఫోన్లో మా అబ్బాయితో తెలుగు. ఒక్కోసారి మావాణ్ణి "యల్లా, పడుకో" అనేసేదాన్నండి. యల్లా అంటే అరబ్బీలో కానీయ్ అని.

వ్యాఖ్యాత: మన కాలవల మీద లాకుల తలుపుల్లాగా, ఒకటి ఎత్తి ఒకటి దించడం.

డాక్టర్: బాగా చెప్పారు. కాకపోతే ఈ లాకు ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు. ఆమె నోట వచ్చిన ఆ "యల్లా" అలా కారిందే. తెలుగు మాట్లాడేటప్పుడు కూడా అరబ్బీ లోపల మెలకువగానే ఉంటుంది. దాన్ని అదిమిపెట్టి కావలసిన మాట అందుకోవాలి. ఏళ్ళ తరబడి రోజూ ఆ కసరత్తు జరిగితే మెదడులో కొంత నిల్వ చేరుతుందని పరిశోధకులు అంటారు. జబ్బు రాదని కాదు, వచ్చినా కొన్నాళ్ళు తట్టుకుంటుంది.

మేస్టారు: పిల్లల మాట చెప్పండి. బుర్ర పెరుగుతుందని ఇంట్లో తెలుగు మాన్పించేసి ఇంగ్లీషే మాట్లాడిస్తున్నారు. నాకు గుండె తరుక్కుపోతోంది. మా యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలన. బడిలో ఫ్రెంచి చదివిన పెద్దవాళ్ళు ఇంటికొస్తే తెలుగే మాట్లాడేవారు.

డాక్టర్: తెలుగు మాన్పిస్తే మిగిలేది మళ్ళీ ఒక్క భాషే కదండీ! లాభం దేన్నుంచి వస్తుందంటున్నామో దాన్నే తీసేస్తున్నారు. ఇంకో మాట. ఒకప్పుడు రెండు భాషలైతే పిల్లలు తికమకపడతారనుకునేవారు. 1962లో మాంట్రియల్‌లో పదేళ్ళ పిల్లల మీద జరిగిన అధ్యయనం అది తప్పని చూపించింది. అక్కణ్ణుంచి రెండు భాషల పిల్లలు తెలివైనవాళ్ళనే ప్రచారం పెరిగింది. కానీ ఎదిగినవాళ్ళ మీద జరిగిన 152 అధ్యయనాలను 2018లో కలిపి చూస్తే, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి లాంటివాటిలో చెప్పుకోదగ్గ ఆధిక్యం తేలలేదు. అందుకే మార్కులు పెరుగుతాయని నేను ఏ తల్లిదండ్రులకీ హామీ ఇవ్వను.

మేస్టారు: మరి రెండూ ఎందుకు నేర్పమంటారు?

డాక్టర్: ఇంగ్లీషు బతుకుతెరువుకి కావాలి. తెలుగు నాయనమ్మతో మాట్లాడ్డానికి కావాలి. ఆ కారణాలు చాలవా?

వ్యాఖ్యాత: అమ్మా, ఊరొచ్చేశారుగా, అరబ్బీ మర్చిపోయారా?

గృహిణి: లేదండి. నేను పెంచిన పాప ఇప్పటికీ శుక్రవారం ఫోన్ చేస్తుంది. కొన్ని మాటలు తడుముకుంటున్నానండి, ఆ పిల్లే అందిస్తుంది.

డాక్టర్: ఆ ఫోన్ మాత్రం మానకండమ్మా.