మీ ఇంటిపేరేంటి? అమెరికాలో ఒక స్కాటిష్ వంశ సంఘం ఎలా పెరిగింది

[తెర మీద: కొండ కింద మైదానం, వరసగా గుడారాలు, బ్యాగ్‌పైప్ మోత]

నార్త్ కరోలినాలో గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్. ఏటా జులైలో స్కాటిష్ ఆటల పండగకి ఈ మైదానంలో గుడారాలు వెలుస్తాయి, ఒక్కో వంశానికి ఒక్కోటి. బల్ల మీద గళ్ల బట్ట, వెనక ఓ పెద్దాయన. ఆగి చూస్తే చాలు, అడిగేస్తాడు: "మీ ఇంటిపేరేంటి?" అచ్చం మన పెళ్లి పందిట్లో లాగే!

వీటిలో క్లాన్ డొనాల్డ్, అంటే మెక్‌డొనాల్డ్‌ల వంశం సంగతి చూద్దాం.

[మ్యాప్: స్కాట్లండ్ పడమటి తీరం, స్కై దీవి]

స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో క్లాన్ అంటే సంతానం. మాక్ అంటే కొడుకు. మెక్‌డొనాల్డ్ అంటే డొనాల్డ్ కొడుకన్నమాట. (బర్గర్ గుర్తొచ్చిందా? కాసేపు పక్కన పెట్టండి.) అలాగని ఆ పేరున్నవాళ్లంతా ఒకే రక్తం కాదు. చీఫ్, అంటే వంశ నాయకుడి భూమి దున్నుకుని, పిలిచినప్పుడు కత్తి పట్టినవాళ్లు కూడా ఆ పేరే పెట్టుకున్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

1746లో కలోడెన్ యుద్ధం. సింహాసనం కోసం తిరగబడ్డ యువరాజు చార్లెస్, ఆయన వెంట నడిచిన వంశాలు బ్రిటిష్ సైన్యం చేతిలో ఓడిపోయారు. గెలిచిన ప్రభుత్వం చీఫ్‌ల న్యాయాధికారాలు లాగేసుకుంది. హైలాండ్, అంటే స్కాట్లండ్ కొండప్రాంతపు దుస్తులు నిషేధించింది, 1782 దాకా. ఇక సైన్యంతో పని లేని చీఫ్ ఉత్త భూస్వామిగా మిగిలాడు. కౌలుదార్ల కంటే గొర్రెలే లాభమనిపించాయి. 1853లో స్కై దీవిలో బోరెరేగ్, సూష్‌నిష్ ఊళ్లను ఖాళీ చేయించారు. ఎవరి ఎస్టేటులో అనుకున్నారు? లార్డ్ మెక్‌డొనాల్డ్ ఎస్టేటులోనే!

అంతకు ముందు నుంచే జనం ఓడలెక్కుతున్నారు. ఓడిన యువరాజును పనిమనిషి వేషంలో దాటించిన ఫ్లోరా మెక్‌డొనాల్డ్ కూడా 1774లో నార్త్ కరోలినా చేరింది. కొన్నేళ్లకే తిరిగి వెళ్లిపోయింది, అది వేరే కథ.

[పాత ఫోటోలు]

వెళ్లినవాళ్ల మునిమనవలు గేలిక్ మరిచిపోయారు, అమెరికన్లయిపోయారు. గ్లాస్గోలో క్లాన్ డొనాల్డ్ సంఘం 1889లో పుడితే, అమెరికాలో 1954 దాకా ఆగాల్సి వచ్చింది. 1956లో ఆగ్నెస్ మాక్‌రే మోర్టన్, డొనాల్డ్ మెక్‌డొనాల్డ్ కలిసి ఈ మైదానంలో ఆటలు మొదలుపెట్టారు. జనం వచ్చేది దుంగలు విసరడం చూడ్డానికే కావచ్చు, కానీ గుడారాల ముందు నుంచే నడవాలి కదా! అసలు కిటుకు అక్కడుంది.

ఇందాకటి మాట ఇప్పుడు పనికొస్తుంది. చీఫ్ రక్తమే కావాలంటే సంఘంలో పట్టుమని పదిమంది ఉండరేమో. అందుకే బల్ల మీద ఓ జాబితా ఉంటుంది, వంశంతో ముడిపడిన ఇతర ఇంటిపేర్లతో. మీది లేకపోతే అమ్మమ్మది అడుగుతారు. దొరికిందా, చందా కట్టి సభ్యులైపోవచ్చు. ఇక చీఫ్ చిహ్నం చుట్టూ బెల్టు, బకిల్ ఉన్న బ్యాడ్జి పెట్టుకోవచ్చు. ఆ బెల్టుకు అర్థం, మీరు చీఫ్ కాదు, చీఫ్ మనిషి అని.

నన్నడిగితే, ఇంత పట్టూ విడుపూ లేకపోతే ఈ సంఘం పెరిగేదే కాదు.

[డ్రోన్ షాట్: ఆర్మడేల్, స్కై]

1971. స్కై దీవిలో మెక్‌డొనాల్డ్‌ల ఎస్టేటు అమ్మకానికొచ్చింది. కొన్నదెవరు? వంశం పేరుతో పెట్టిన ట్రస్టు. సుమారు 20,000 ఎకరాలు. డబ్బు పంపినవాళ్లలో సముద్రాల అవతలి మెక్‌డొనాల్డ్‌లూ ఉన్నారు. ఒకప్పుడు గొర్రెల కోసం జనాన్ని పంపేసిన పేరే ఇది!

తర్వాత ట్రస్టు అక్కడ, ఆర్మడేల్‌లో మ్యూజియం పెట్టింది, తోటలను చక్కదిద్దింది. మెక్‌డొనాల్డ్‌ల పాత కోటకు మాత్రం కప్పు లేదు. మొండిగోడలు అలాగే నిలబడి ఉన్నాయి.