తెల్ల ఎలుక గూటికి ఏది మేలు: పీచా, దూదా, కాగితమా?

నమస్కారం. భీమవరం దగ్గర ఒక ఫార్మసీ కళాశాలలో ప్రయోగాల ఎలుకలను సాకడం నా ఉద్యోగం. మా తాతగారు సార్వా చేలో ఎలుకలు పట్టేవారికి తోకకు ఇంత అని లెక్కకట్టి ఇచ్చేవారు. మనవడు ఎలుకలకు పక్క వేస్తున్నాడని ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు.

బయట మే నెల ఉక్కపోత. లోపల ఏసీ 22లో ఉంది. గదిలోకి రాగానే మనకు ప్రాణం లేచి వస్తుంది గాని చిట్టెలుకకు ఇది చలి. దాని ఒంటికి హాయినిచ్చేది 30 డిగ్రీల దరిదాపు. గదంతా అంత వేడి చేస్తే గౌను, మాస్కు వేసుకున్న మా పని అయిపోతుంది. గూటికి సరుకు పడేస్తే చాలు, దాని దుప్పటి అదే అల్లుకుంటుంది.

అడుగున ఉన్నది మిల్లు నుంచి తెచ్చి, ఆటోక్లేవులో, అంటే ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో పెట్టిన ఊక. తడి పీలుస్తుంది, అంతే. పోగుచేస్తే జారిపోతుంది.

ఇది అమలాపురం నుంచి తెప్పించిన కొబ్బరి పీచు. కోనసీమవారు కోప్పడకండి! ఎలుక కొస పట్టి లాగింది, కొరికింది, విసిగి వదిలేసింది. తెల్లారేసరికి చుట్టూ గోడ లేచింది గాని కప్పు లేదు. పైగా దుమ్ము.

నొక్కిన దూది బిళ్ల నయం. చక్కగా చీల్చుకుంటుంది, కానీ ఒక్క బిళ్ల చాలదు. మామూలు దూది మాత్రం వద్దు, పోగులు ఎలుక పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి.

ఇక ముడతల కాగితం పీలికలు. పెట్టెకు 8 నుంచి 10 గ్రాములు తూచి వేయండి. దగ్గరగా చూపిస్తాను. ఒక్కో పీలికను నోట కరచుకుని మూలకు ఈడుస్తోంది. ఇప్పుడు మధ్యలో దూరి, గిరగిరా తిరుగుతూ అంచులు పైకి లాగుతోంది. నిన్న రాత్రి కట్టిన గూడు ఇదిగో, బత్తాయంత బంతి. వేలు పెడితే లోపల వెచ్చగా ఉంది. ధర ఎక్కువైనా నా ఓటు దీనికే.

పెట్టె కడిగేటప్పుడు పొడిగా ఉన్న పాత గూటిని కొత్త పెట్టెలోకి మార్చండి. మురికి ఊక మాత్రం పారేయండి. ఒకసారి శుభ్రత పిచ్చితో గూళ్లు కూడా పారేశాను. అలవాటైన వాసన పోయి మగ ఎలుకలు కొట్లాడుకున్నాయి, మర్నాటికి వాటి వీపుల మీద గాట్లు. తప్పు నాదే.

మార్చేటప్పుడు తోక పట్టి ఎత్తకండి. గొట్టంలోకి ఎక్కించుకుని గానీ దోసిట్లో గానీ ఎత్తితే ఎలుకకు బెదురు తగ్గుతుందని జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ అనే పరిశోధకులు 2010లోనే చూపించారు. తాతగారి లెక్క ఇక్కడ చెల్లదు.

అదిగో, నేను మాట్లాడుతుండగానే కప్పు మూసేసింది. పగలు దానికి నిద్రవేళ. లైటు తీసేస్తున్నాను.