పొడుగ్గా రాస్తే మార్కు తగ్గుతుందా?

అధ్యక్షులవారికి, పర్లాకిమిడి పెద్దలకు, పిల్లలకు నమస్కారం. ఆగస్టు 29 కాబట్టి గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి చెప్పమన్నారు. ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూనే ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఈ సంగతి ఏటా వింటున్నారు, మళ్ళీ దండకం చదవను. అంతకు రెండేళ్ళ ముందు, 1936లో, ఈ ఊరు ఒడిశాలో కలుస్తోందని ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఉండిపోయాం. సరే, దాని జోలికి పోతే పొద్దుపోతుంది.

నా కడుపుమంట వేరు. సాయంత్రం తెలుగు తరగతికి సవర పిల్లలూ వస్తారు. ఇంట్లో సవర, బడిలో ఒడియా, మా దగ్గర తెలుగు. ఒక పెద్దమనిషి వీళ్ళ రాతల్ని కంప్యూటర్లో వేసి, "ఏడాదిలో పదసంపద తగ్గింది" అని తేల్చేశారు. ఏడాది మొదట్లో నాలుగు ముక్కలు రాసిన పిల్ల, చివర్లో రథయాత్ర మీద పేజీ నింపింది. తగ్గిందట!

ఆ కంప్యూటరు చూసేది మొత్తం మాటల్లో వేర్వేరు మాటలు ఎంత వంతు అని. లెక్క చూడండి. 50 మాటల్లో వేర్వేరువి 40 ఉంటే నిష్పత్తి 0.8. 200 మాటల్లో 100 ఉంటే 0.5. రాత పొడుగయ్యేకొద్దీ పాత మాటలు మళ్ళీ వస్తాయి కదా, ఎవరికైనా అంతే! ఈ చిక్కు పాతదే. 1954లోనే గిరో అనే ఫ్రెంచి భాషావేత్త వేర్వేరు మాటల సంఖ్యని మొత్తం మాటల వర్గమూలంతో భాగించమన్నాడు. అలా చేస్తే మొదటిది 5.7, రెండోది 7.1. పిల్ల ఎదిగిందా లేదా, మీరే చెప్పండి! తర్వాత వచ్చిన ఎంటీఎల్‌డీ అనే కొలత ఇంకో దారి పట్టింది. నిష్పత్తి 0.72కి పడిపోయేలోగా సగటున ఎన్ని మాటలు నడిచాయో చూస్తుంది.

అయినా తెలుగుకి ఇవి చాలవు. బడికి, బడిలో, బడినుంచి... యంత్రానికి ఇవి మూడు మాటలు. ముందు మూలరూపం కిందికి చేర్చాలి, లేకపోతే విభక్తులు నేర్చినా పదసంపద పెరిగినట్టే చూపిస్తుంది. మధ్యలో పిల్లలు ఒడియా మాట తెలుగు లిపిలో పెడతారు. కొందరు కొట్టేయమంటారు. నేను కొట్టను, వేరే గడిలో వేస్తాను. ఆ పిల్లకి తెలిసిన మాటే కదండీ!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అమ్మలారా, పిల్లల నోటుపుస్తకాలు పాతకాగితాలవాడికి వేసేయకండి. జూన్‌లో రాసిందీ, మార్చిలో రాసిందీ తారీఖుతో సహా మాకివ్వండి. తప్పులు దిద్దకండి, ఉన్నదున్నట్టు టైపు చేస్తాం. టైపు వచ్చిన కుర్రాళ్ళు సభ అయ్యాక ఆగండి.