తొమ్మిది చాలన్నారు: 13 అమెరికా రాష్ట్రాలు ఒక్కటైన తీరు

అమ్మాయి: అందరికీ నమస్కారం. ఇవాళ అమెరికా రాజ్యాంగం గురించి మా బాబాయ్‌తో కబుర్లు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు, చెప్పడం మాత్రం మానలేదు. బాబాయ్, ఫిలడెల్ఫియాలో పెద్దలంతా కూర్చున్నారు, రాజ్యాంగం రాశారు, సంతకాలు పెట్టారు, దేశం ఏర్పడింది. స్కూల్లో మేం చదువుకున్నది ఇంతే. అక్కడి నుంచి మొదలుపెడదామా?

బాబాయ్: సంతకాలైన పన్నెండో రోజు నుంచి మొదలుపెడదాం. అసలు సినిమా అప్పుడే మొదలైంది. సంతకాలు 1787 సెప్టెంబర్ 17న. సెప్టెంబర్ 29 పొద్దున అదే ఫిలడెల్ఫియాలో, ఇద్దరు శాసనసభ్యులు బస చేసిన చోటికి ఓ గుంపు వెళ్ళి మీద పడింది.

అమ్మాయి: అదేంటి, ఎందుకు?

బాబాయ్: పెన్సిల్వేనియా శాసనసభకు ఆ రోజే ఆఖరు. రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా తేల్చడానికి విడిగా ఒక సభను ఎన్నుకోవాలి. ఆ తీర్మానం ఆ రోజే పాసవ్వాలి. ఇష్టంలేనివాళ్ళు 19 మంది. ఓటింగ్ పెడితే ఓడిపోతారని వాళ్ళకి తెలుసు. అందుకని సభకు రావడమే మానేశారు. కోరానికి 46 మంది కావాలి, లోపల 44 మందే ఉన్నారు.

అమ్మాయి: ఇద్దరు తక్కువ. అయితే ఆ ఇద్దరినీ...

బాబాయ్: లాక్కొచ్చారు. జేమ్స్ మెకాల్మంట్, జేకబ్ మైలీ. వీధుల్లో ఈడ్చుకొచ్చి సభలో కూర్చోబెట్టారు. మెకాల్మంట్ లేచి, ‘నన్ను బలవంతంగా తెచ్చారు, రానందుకు జరిమానా ఉంటే కట్టేస్తాను, వదిలెయ్యండి’ అని మొరపెట్టుకున్నాడు. గుమ్మం వైపు వెళ్ళబోతే జనం అడ్డం నిలబడ్డారు. కోరం సరిపోయింది, తీర్మానం పాసయిపోయింది.

అమ్మాయి: మన దగ్గర ఎమ్మెల్యేలను బస్సెక్కించి రిసార్టుకి తీసుకెళ్తారు. వీళ్ళు క్యాంపులోంచి ఎత్తుకొచ్చారన్నమాట!

బాబాయ్: క్యాంపు రాజకీయాల మీద పేటెంట్ మనదే అనుకోకు. ఈ పని చేసింది రాజ్యాంగం కావాలన్నవాళ్ళు, అది గుర్తుపెట్టుకో. ఆ 13 రాష్ట్రాలూ ఒకదాని మీద ఒకటి ప్రేమ పుట్టి కలిసిపోయాయని నేననుకోను. కొన్ని ఇష్టపడి వచ్చాయి. కొన్ని మాత్రం బయట మిగిలిపోతే బతుకు కష్టమని వచ్చాయి. ఆ భయం కూడా తనంతట తను పుట్టలేదు, రాజ్యాంగం చివర్లో ఏడో అధికరణంగా ఒకే ఒక్క వాక్యం రాసి దాన్ని పుట్టించారు.

అమ్మాయి: దాని సంగతి చెప్పే ముందు, అంతకుముందు ఏముండేది? 1776లో స్వాతంత్ర్యం ప్రకటించారు కదా, 1787 దాకా దేశం ఎలా నడిచింది?

బాబాయ్: ఈడ్చుకుంటూ నడిచింది. ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అని ఒక ఒప్పందం ఉండేది. 1777లో రాసుకున్నారు. పశ్చిమాన ఉన్న భూములు ఎవరివన్న తగాదాతో మేరీలాండ్ సంతకం పెట్టలేదు. అది పెట్టేసరికి 1781 మార్చి 1 వచ్చింది. ఆ ఒప్పందంలో రాష్ట్రాల ఉమ్మడి సభ పేరు కాంగ్రెస్, అందులో రాష్ట్రానికి ఒక ఓటు. వర్జీనియాకీ ఒకటే, డెలావేర్‌కీ ఒకటే. కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారం లేదు. డబ్బు పంపండి అని రాష్ట్రాలకు ఉత్తరాలు రాయాలి, వాళ్ళు పంపితే పంపినట్టు. ఒప్పందంలో ఒక్క ముక్క మార్చాలన్నా 13 రాష్ట్రాలూ సరేననాలి.

అమ్మాయి: అంటే ఒక్క రాష్ట్రం కాదంటే అంతా ఆగిపోతుంది.

బాబాయ్: ఆగిపోయింది కూడా. యుద్ధపు అప్పులు తీర్చడానికి దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకుంటామని కాంగ్రెస్ అడిగింది. 1782లో రోడ్ ఐలండ్ కుదరదంది. దేశంలో అన్నిటికంటే చిన్న రాష్ట్రం! మరుసటి ఏడు ఇంకోరకంగా అడిగితే, ఈసారి న్యూయార్క్ అడ్డుపడింది. దానికి సొంత రేవు ఉంది, ఆ సుంకం డబ్బు తన ఖజానాకే పోవాలి. పక్కనున్న న్యూజెర్సీ వాళ్ళ సరుకు కూడా ఆ రేవులోనే దిగేది, ఆ సుంకం న్యూయార్క్‌కే పోయేది. ఒళ్ళు మండి 1786లో న్యూజెర్సీ, ‘న్యూయార్క్ ఒప్పుకునేదాకా కాంగ్రెస్‌కి మేమూ పైసా ఇవ్వం’ అని కూర్చుంది.

అమ్మాయి: ఇప్పుడు మనవాళ్ళలో సగం మంది న్యూజెర్సీలో ఇల్లు, న్యూయార్క్‌లో ఆఫీసు. వాళ్ళకి ఈ కథ బాగా ఎక్కుతుంది.

బాబాయ్: వాళ్ళకే ఇంకోటి. 1783 జూన్‌లో జీతాలు అందని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూర్చున్న భవనాన్ని చుట్టుముట్టారు. కాంగ్రెస్ సభ్యులు ఊరొదిలి న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌కి వెళ్ళిపోయారు. సొంత సైన్యానికి జీతమివ్వలేక పారిపోయిన కాంగ్రెస్ అది.

అమ్మాయి: మరి రాష్ట్రాల లోపల పరిస్థితి?

బాబాయ్: అక్కడే నాకు ఎక్కువ ఆసక్తి. రోడ్ ఐలండ్ తీసుకో. రైతులు అప్పుల్లో మునిగారు. ఎన్నికల్లో వాళ్ళ పార్టీ గెలిచి 1786లో కాగితపు డబ్బు అచ్చేసింది. దాని విలువ పడిపోవడం మొదలైంది. దాంతో, ఆ నోట్లు తీసుకోనివాళ్ళకు జరిమానా అని చట్టం చేశారు, జ్యూరీ లేకుండానే విచారణ. న్యూపోర్ట్‌లో జాన్ వీడెన్ అనే మాంసం కొట్టు ఆయన ఉన్నాడు. జాన్ ట్రెవెట్ మాంసం కొని నోటు ఇస్తే, ఆ ముఖ విలువకి తీసుకోనన్నాడు. ట్రెవెట్ కేసు పెట్టాడు. వీడెన్ లాయరు జేమ్స్ వార్నమ్, జ్యూరీ హక్కు తీసేసే చట్టం అసలు చెల్లదని వాదించాడు. జడ్జీలు ఈ ఫిర్యాదు తమ పరిధిలోకి రాదని కొట్టేశారు. శాసనసభ ఊరుకుంటుందా? మీరు వచ్చి సంజాయిషీ చెప్పండని జడ్జీలనే పిలిపించింది!

అమ్మాయి: కిలో మాంసం దగ్గర రాజ్యాంగ చర్చ.

బాబాయ్: సంత దగ్గరే మొదలవుతాయి ఇలాంటివన్నీ. పక్కన మసాచుసెట్స్‌లో దీనికి తలకిందులు. నోట్లు అచ్చెయ్యలేదు, పన్నులు నాణేల్లో కట్టమన్నారు. రైతులు భూములు పోగొట్టుకున్నారు, జైలుకెళ్ళారు. యుద్ధంలో పోరాడిన డేనియల్ షేస్ లాంటివాళ్ళు గుంపులు కట్టి కోర్టులు తెరవనివ్వలేదు. కోర్టు తెరవకపోతే జప్తు లేదు కదా. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళితే ఫిరంగులు పేల్చారు. తిరుగుబాటు అణగారింది. కానీ అణచడానికి పంపిన సేనకు డబ్బు కాంగ్రెస్ ఇవ్వలేదు, బోస్టన్ వ్యాపారులు చందాలేసుకుని ఇచ్చారు. ఆస్తిపరులకు నిద్ర పట్టలేదు. అంతకు నాలుగు నెలల ముందు అనాపొలిస్‌లో సమావేశం పెడితే 5 రాష్ట్రాల నుంచి 12 మంది వచ్చారు. ఈ గొడవల తర్వాత ఫిలడెల్ఫియాకి 12 రాష్ట్రాల నుంచి 55 మంది వచ్చారు. వాషింగ్టన్ కూడా వచ్చాడు.

అమ్మాయి: రాని ఆ ఒక్క రాష్ట్రం?

బాబాయ్: ఇంకెవరు, రోడ్ ఐలండే.

అమ్మాయి: సరే, లోపల ఏం జరిగిందో చెప్పు.

బాబాయ్: మండు వేసవి, మాటలు బయటికి పోకుండా తలుపులు మూసుకుని కూర్చున్నారు. అసలు పేచీ పెద్ద రాష్ట్రాలకీ చిన్న రాష్ట్రాలకీ. 1790 లెక్కల్లో వర్జీనియా జనాభా దాదాపు 7.5 లక్షలు, డెలావేర్‌ది 60 వేలు కూడా లేదు. జనాన్ని బట్టి సీట్లు అంటుంది వర్జీనియా. రాష్ట్రానికో ఓటు, ఇప్పుడున్నట్టే అంటుంది న్యూజెర్సీ. చివరికి దిగువ సభలో జనాభాను బట్టి, సెనేట్‌లో అందరికీ సమానంగా అని రాజీ కుదిరింది. ఆ ఓటింగ్ చూడాలి నువ్వు. జులై 16న 5 రాష్ట్రాలు అవును, 4 కాదు. మసాచుసెట్స్ వాళ్ళు తమలో తాము సగం సగం చీలి చెల్లకుండా పోయారు. న్యూయార్క్ ప్రతినిధుల్లో ఇద్దరు అలిగి వెళ్ళిపోవడంతో దానికి ఓటే లేదు. న్యూహాంప్‌షైర్ వాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నారు. ఇవాళ్టి సెనేట్ ఆ ఒక్క ఓటు తేడా మీద నిలబడింది.

అమ్మాయి: మన రాజ్యసభ అలా కాదు కదా. ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7.

బాబాయ్: మనది జనాభా లెక్క. అక్కడ కాలిఫోర్నియాకీ 2, రోడ్ ఐలండ్‌కీ 2. అయితే ఈ లెక్కల్లో ఓ పాపం కూడా ఉంది. జనాభా అంటే ఎవరు? వర్జీనియాలో 2.9 లక్షల మందికి పైగా బానిసలు. వాళ్ళకి ఓటు లేదు, హక్కు లేదు. సీట్ల లెక్కకి మాత్రం ఐదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కేశారు. అంటే బానిసలు ఎంతమంది ఉంటే యజమానికి కాంగ్రెస్‌లో అంత బలం. ఆఫ్రికా నుంచి మనుషుల్ని తెచ్చే వ్యాపారాన్ని 1808 దాకా కాంగ్రెస్ ఆపకూడదని కూడా రాశారు. అది లేకపోతే చేరమని దక్షిణ కరొలైనా, జార్జియా పట్టుబట్టాయి. రాజీ రాజీ అని పుస్తకాలు మెచ్చుకుంటాయి, ఆ రాజీ ధర కట్టినవాళ్ళు గదిలో లేరు.

అమ్మాయి: ఇప్పుడు ఆ ఏడో అధికరణం.

బాబాయ్: పాత ఒప్పందం మార్చాలంటే 13కి 13 రావాలి. అలా అడిగితే రోడ్ ఐలండ్ చచ్చినా ఒప్పుకోదు. అందుకని వీళ్ళు, 9 రాష్ట్రాలు ఆమోదిస్తే చాలు, ఆమోదించిన ఆ రాష్ట్రాల మధ్య ఇది అమల్లోకి వస్తుందని రాశారు. అదీ శాసనసభల చేత కాదు, ఇందుకోసమే ఎన్నుకున్న సభల చేత. పాత నియమం ప్రకారం చూస్తే ఇది చట్టవిరుద్ధమే. వాళ్ళని పంపింది పాత ఒప్పందాన్ని సవరించడానికి. వీళ్ళు దాన్ని చుట్టచుట్టి అటకెక్కించారు.

అమ్మాయి: ‘మేము, అమెరికా ప్రజలం’ అని మొదలవుతుంది కదా. ప్రజలు ఇచ్చిన అధికారం అని చెప్పుకోవచ్చుగా?

బాబాయ్: అది కూడా ఈ 9 లెక్కతో ముడిపడిందే. ముందు ముసాయిదాలో న్యూహాంప్‌షైర్, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్ అని 13 రాష్ట్రాల పేర్లూ వరుసగా ఉన్నాయి. కానీ ఏ తొమ్మిది చేరతాయో ఎవరికి తెలుసు? చేరని రాష్ట్రం పేరు ముందే రాస్తే నవ్వులపాలు. చివరి ముసాయిదా దిద్దిన గవర్నర్ మోరిస్ చేతుల్లో పేర్లు పోయి ప్రజలు మిగిలారు. గవర్నర్ అన్నది అతని పేరే, పదవి కాదు. వర్జీనియా సభలో ప్యాట్రిక్ హెన్రీ దీన్నే పట్టుకున్నాడు. ‘మేము, రాష్ట్రాలం’ అనకుండా ప్రజలం అనే హక్కు వీళ్ళకెవరిచ్చారని నిలదీశాడు. మన రాజ్యాంగం కూడా ప్రజల పేరుతోనే మొదలవుతుంది, మన పీఠికకి వెనక ఆ వాక్యం నీడ ఉంది.

అమ్మాయి: ఇక ఆమోదాలు. ఎవరు ముందు?

బాబాయ్: డెలావేర్, 1787 డిసెంబర్ 7న, 30కి 30. సెనేట్‌లో సమాన వాటా దొరికిన చిన్న రాష్ట్రానికి ఇంకేం కావాలి. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, జార్జియా, కనెక్టికట్ గబగబా అయిపోయాయి. అసలు గండం మసాచుసెట్స్. గవర్నర్ జాన్ హాన్‌కాక్ సభకి అధ్యక్షుడు, కానీ కీళ్ళనొప్పులని ఇంట్లో పడుకున్నాడు. గాలి ఎటు వీస్తుందో తేలేదాకా ఆ నొప్పులు తగ్గలేదని చాలామంది చమత్కరిస్తారు. రాజ్యాంగం పక్షం వాళ్ళు వెళ్ళి, వచ్చే ఎన్నికల్లో నీకే మద్దతు, వాషింగ్టన్ రాష్ట్రం వర్జీనియా గనక చేరకపోతే దేశాధ్యక్షుడివి కూడా నువ్వే అని ఆశ పెట్టారు. నొప్పులు తగ్గాయి.

అమ్మాయి: అద్భుతమైన వైద్యం.

బాబాయ్: కానీ అతను తెచ్చిన ఉపాయం మంచిది. ఇప్పుడు ఆమోదించండి, మీకు కావలసిన సవరణలు సిఫారసుగా జతచేయండి అన్నాడు. 187కి 168. పది మంది అటు నుంచి ఇటు దూకినా కథ మారిపోయేది. తర్వాతి రాష్ట్రాల్లో చాలావరకు ఇదే దారి. పౌరహక్కుల పట్టిక లేదన్న కోపం అలా సవరణల రూపంలోకి మళ్ళింది. ఆ సవరణలే 1791 డిసెంబర్‌లో మొదటి పదిగా చేరాయి. జూన్ 21, 1788న న్యూహాంప్‌షైర్ తొమ్మిదోది అయింది. లెక్క పూర్తి.

అమ్మాయి: కానీ వర్జీనియా, న్యూయార్క్ లేకుండా దేశమేంటి?

బాబాయ్: మ్యాపు చూస్తే ముక్కలు ముక్కలే. కానీ ఈ రెండింటికీ ప్రశ్న మారిపోయింది. రాజ్యాంగం మంచిదా కాదా అన్నది పోయి, మనం లోపలా బయటా అన్నది వచ్చింది. వర్జీనియా నాలుగు రోజుల తర్వాత 89కి 79తో ఒప్పుకుంది. న్యూయార్క్ సభలో మొదట 65 మందిలో 46 మంది వ్యతిరేకులు. అక్కడ రాజ్యాంగం పక్షాన నిలబడ్డ అలెగ్జాండర్ హామిల్టన్ గుర్రపు రౌతుల్ని పెట్టి న్యూహాంప్‌షైర్, వర్జీనియా కబుర్లు తెప్పించాడు. మీరు చేరకపోతే న్యూయార్క్ నగరం విడిపోయి చేరుతుందన్న మాటా వినిపించింది. చివరికి 30కి 27.

అమ్మాయి: మిగిలినవి రెండు.

బాబాయ్: 1789 ఏప్రిల్ 30న వాషింగ్టన్ ప్రమాణం చేసేనాటికి ఉత్తర కరొలైనా, రోడ్ ఐలండ్ బయటే. ఉత్తర కరొలైనా ఆ నవంబర్‌లో వచ్చింది. రోడ్ ఐలండ్ 1788లో ఊరూరా ఓటింగ్ పెడితే దాదాపు 2,700 మంది వద్దన్నారు, కావాలన్నవాళ్ళు 240 లోపే. అనుకూలురు చాలామంది బహిష్కరించారనుకో. 1790 మేలో సెనేట్ ఆ రాష్ట్రంతో వ్యాపారం నిషేధిస్తూ బిల్లు పాస్ చేసింది. సొంత రేవు పట్టణం ప్రావిడెన్స్ విడిపోతానంది. మే 29న 34కి 32తో చేరారు.

అమ్మాయి: చేరడానికి ఇంత తతంగం. మరి బయటికి వెళ్ళడానికి నియమం?

బాబాయ్: ఒక్క ముక్క లేదు. న్యూయార్క్ సభలో కొందరు, ముందు చేరతాం, సవరణలు రాకపోతే వెళ్ళిపోతాం అని షరతు పెట్టబోయారు. రాజ్యాంగం రాయడంలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్‌కి హామిల్టన్ ఉత్తరం రాసి అడిగాడు. షరతుతో చేరడం చేరడమే కాదు, చేరితే మొత్తంగా, శాశ్వతంగా అని మాడిసన్ జవాబిచ్చాడు. మరి అదే మాడిసన్ సొంత రాష్ట్రం వర్జీనియా తన ఆమోద పత్రంలో, ఈ అధికారాలు ప్రజలకు హాని చేస్తే ప్రజలు వెనక్కి తీసుకోవచ్చని ఒక మాట రాసిపెట్టుకుంది. 73 ఏళ్ళ తర్వాత, 1861లో, విడిపోతూ చేసిన తీర్మానంలో వర్జీనియా ఆ మాటనే ఎత్తి చూపింది.

అమ్మాయి: అంతర్యుద్ధం కథ ఇంకో ఎపిసోడ్‌కి ఉంచుదాం బాబాయ్, లేకపోతే పిన్ని మనిద్దరికీ భోజనం పెట్టదు.